వాతావరణ నౌకల చరిత్ర ఇళ్ల అటకల మీద ఉంది

సంపాదకులకు నమస్కారాలు.

వాతావరణ సూచనల చరిత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. టెలిగ్రాఫుతో మొదలుపెట్టి ఉపగ్రహాల దాకా చక్కగా నడిపించిన వ్యాసకర్తను మనసారా అభినందిస్తున్నాను. అయితే ఆ రెంటికీ నడుమ దశాబ్దాల పాటు అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల నడిమధ్య నిలబడి, గాలినీ అలనూ ఒత్తిడినీ గంటగంటకూ కొలిచి పంపిన వాతావరణ నౌకల గురించి అందులో ఒక్క మాటైనా లేకపోవడం నాకు వెలితిగా తోచింది. ఉద్యోగకాలమంతా వాతావరణ పరిశీలకుడిగా బెలూన్లు ఎగరేసి, పైనుంచి అవి పంపే సంకేతాలను పట్టికలకెక్కించిన వాణ్ణి కాబట్టి ఆ నౌకల మీద పనిచేసిన వారంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆ లోటును ఎత్తిచూపడం ఒక్కటే ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. ఆ నౌకల్లో కొలువు చేసిన వారి ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, చిన్నచిన్న వస్తువులు ఇవాళ వారి పిల్లల, మనవల ఇళ్లలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటిని ఒకచోటికి చేర్చి, ఏది ఎవరిదో, ఏ నౌకదో, ఏ కాలానిదో రాసిపెట్టే పని ఇప్పుడు జరగకపోతే ఇక జరగదని చెప్పడానికే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

ముందు ఆ నౌకల సంగతి కొంత చెప్పాలి. నేల మీద పరిశీలన కేంద్రాన్ని ఒకసారి కడితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. సముద్రం మీద ఆ వీలు లేదు. సరుకు నౌకలు వాతావరణ సమాచారం పంపేవి గానీ, తాము పోయే దారుల నుంచి మాత్రమే పంపేవి. పైగా తుఫాను జాడ తెలిస్తే ఏ కెప్టెనైనా నౌకను పక్కకు తప్పిస్తాడు కాబట్టి, సమాచారం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అది అన్నిటికంటే తక్కువగా దొరికేది. ఇక సముద్రం పైన ఎత్తులో గాలి ఎటు వీస్తున్నదో, ఎంత చల్లగా ఉన్నదో చెప్పేవారే లేరు. అట్లాంటిక్ మీదుగా విమానాలు నడపాలన్న ప్రయత్నాలు ఊపందుకున్న 1930ల చివర ఫ్రాన్స్ 'కారిమారె' అనే నౌకను ఈ పని మీద పంపింది. యుద్ధం వచ్చాక, జలాంతర్గాములకు తమ ఉనికి తెలిసిపోతుందన్న భయంతో సరుకు నౌకలు రేడియోలో సమాచారం పంపడం మానేశాయి. దాంతో 1940లో అమెరికా తన కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) నడిపే, కట్టర్లు అని పిలిచే నౌకలను అట్లాంటిక్ నడుమ వాతావరణ గస్తీకి పెట్టింది. యుద్ధం ముగిసిన తర్వాత, 1946 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ పౌర విమానయాన సమావేశం ఉత్తర అట్లాంటిక్‌లో 13 స్టేషన్లు నెలకొల్పాలని నిర్ణయించింది. ఖర్చు భరించలేక తర్వాత వాటిని పదికి, 1950ల మధ్య నాటికి తొమ్మిదికి తగ్గించారు.

ఒక్కో స్టేషన్‌కు ఒక్కో అక్షరం. 'ఎ' స్టేషన్ గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌ల నడుమ. 'జె' ఐర్లండ్‌కు పడమట. 'డి' న్యూఫౌండ్‌లాండ్‌కు ఆగ్నేయంగా. 'ఎం' నార్వే సముద్రంలో 66 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. పసిఫిక్‌లో 'పి' అలాస్కా అఖాతంలో. 'ఎన్' కాలిఫోర్నియాకూ హవాయికీ మధ్యన. అమెరికా, కెనడా, బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్ వంటి దేశాలు నౌకలనో సిబ్బందినో డబ్బునో సమకూర్చి ఈ భారాన్ని పంచుకున్నాయి. స్టేషన్ అంటే అక్కడ కట్టడమేమీ లేదు. లంగరు వేయడానికి అందే లోతూ కాదు. పటం మీద గీసిన ఒక చతురస్రం, అంతే. భుజం 210 మైళ్లు ఉండే ఆ చతురస్రాన్ని పదేసి మైళ్ల గళ్లుగా విభజించేవారు. నట్టనడిమి గడిలో నౌక ఉండాలి. గాలి తోసుకుపోతే మళ్లీ ఇంజన్లు వేసుకుని వెనక్కి రావాలి. తాను ఏ గడిలో ఉన్నదీ రేడియో సంకేతంతో నిరంతరం చెబుతూ ఉంటే, పైన పోయే విమానాలు దాన్ని పట్టుకుని తమ స్థానాన్ని సరిచూసుకునేవి. ఉపగ్రహాలతో దారి చూసుకునే నేటి కాలంలో, అర్ధరాత్రి నడిసముద్రం మీద ఎగిరే పైలట్‌కు కింద నుంచి ఒక మనిషి గొంతు వినబడడమంటే ఏమిటో ఊహించడం కష్టం.

పనిలో విరామం ఉండేది కాదు. ఉపరితల పరిశీలన ప్రతి గంటకూ తప్పదు. రోజుకు రెండుసార్లు రేడియోసోండ్ (పైగాలిని కొలిచి రేడియోలో కిందికి పంపే చిన్న పరికరం) కట్టిన బెలూన్, పైగాలులు కొలవడానికి మధ్యలో మరో రెండుసార్లు బెలూన్లు. నేల మీద బెలూన్ ఎగరేయడమే గాలి జోరుగా ఉన్న రోజున చేతనైన వాళ్ల పని. నౌక మీద అదెంత కష్టమో అనుభవం ఉన్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. బెలూన్‌ను వెనుక భాగంలోని షెడ్డులో నింపుతారు. డెక్కు మీద గాలి తాకిడి వీలైనంత తగ్గేలా నౌకను తిప్పి నడపమని పైనున్న అధికారికి కబురు పెడతారు. తలుపు తెరవగానే బెలూన్ పైకి లేవదు. గాలికి పక్కకు వాలి, సాగి, తాళ్లకూ స్తంభాలకూ తగులుకోవడానికి చూస్తుంది. పరికరం ఉన్న పెట్టెను చేతిలో పట్టుకున్న మనిషి, డెక్కు పైకి లేస్తున్న క్షణం కనిపెట్టి వదలాలి. క్షణం ముందు వదిలినా, వెనుక వదిలినా పెట్టె అలలో మునుగుతుంది, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అమెరికా కట్టర్లు ఇలా ఒక్కో విడతకు మూడు వారాల పాటు స్టేషన్‌లో ఉండేవి. మరో నౌక వచ్చి బాధ్యత అందుకున్నాకే ఇంటిముఖం.

ప్రజలు గుర్తుపెట్టుకున్నవి వీటిలో ప్రమాదాల ఘట్టాలు మాత్రమే. 1947 అక్టోబరులో 'బెర్ముడా స్కై క్వీన్' అనే విమానం ఎదురుగాలులకు ఇంధనం చాలక, అట్లాంటిక్‌లో కాపలా ఉన్న 'బిబ్' అనే కట్టర్ పక్కన సముద్రంలో దిగింది. ఎత్తైన అలల్లో తెప్పలతో, పడవలతో అందులోని 69 మందినీ రక్షించారు. 1956 అక్టోబరులో హోనొలులు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న పాన్ అమెరికన్ విమానానికి రెండు ఇంజన్లు పాడైతే, 'ఎన్' స్టేషన్‌లో ఉన్న 'పాంచర్‌ట్రెయిన్' చుట్టూ తెల్లవారేదాకా తిరిగి, వెలుగు వచ్చాక నీళ్ల మీద దిగింది. 31 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఈ రెండింటికీ ఫొటోలున్నాయి, రికార్డులున్నాయి, సంబంధిత కథనాలున్నాయి. నౌకలే పోయిన సందర్భాలు మాత్రం అంతగా ఎవరికీ తెలియవు. 1942 సెప్టెంబరులో 'మస్కీగెట్' అనే అమెరికా వాతావరణ నౌకను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అందులోని 121 మందిలో ఒక్కరూ దక్కలేదు. ఏం జరిగిందో యుద్ధం తర్వాత జర్మన్ పత్రాలు చూస్తే గానీ బయటపడలేదు. ఆ నౌకలో నలుగురు వాతావరణ శాఖకు చెందిన పౌర ఉద్యోగులు. యుద్ధంలో గాయపడిన, మరణించిన సైనికులకు అమెరికా ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకం ఆ నలుగురికీ 2015లో, అంటే 73 ఏళ్లకు దక్కింది. 1950 సెప్టెంబరులో ఫ్రాన్స్ వాతావరణ నౌక 'లాప్లాస్' తిరుగు ప్రయాణంలో, బ్రిటనీ తీరాన, యుద్ధకాలపు మందుపాతర తగిలి మునిగిపోయినప్పుడు 50 మందికి పైగా చనిపోయారు.

ఈ ఘటనలు లేని రోజులే లెక్కలో ఎక్కువ. ఏమీ జరగని ఆ రోజుల్లో చేసిన పనే విమానాలను క్షేమంగా గట్టెక్కించింది. వాటికి పత్రికల వాళ్లు రాలేదు, ఫొటోలు తీసేవాళ్లు రాలేదు. అందువల్లనే ఆ రోజుల తాలూకు ఆధారం ఉంటే గింటే, అక్కడ పనిచేసిన మనిషి ఇంటికి తెచ్చుకున్న సంచీలోనే ఉంది.

నౌకలు కూడా మిగల్లేదు. జెట్ విమానాలు సొంత పరికరాలతో దారి చూసుకోవడం, ఉపగ్రహాలు రావడం, బోయలు, అంటే పరికరాలు అమర్చి సముద్రంలో తేలియాడేలా ఉంచే యంత్రాలు, నమ్మకంగా పనిచేయడం మొదలయ్యాక ఒక్కొక్క స్టేషన్ మూతపడింది. అమెరికా 1977లో ఈ పని నుంచి తప్పుకుంది. 'పి' స్టేషన్‌లో కెనడా నౌకలు 'వాంకూవర్', 'క్వాడ్రా' 1981 దాకా నిలిచాయి. బ్రిటన్ చివరి వాతావరణ నౌక 1996లో ఆగింది. అన్నిటికీ ఆఖరున నార్వే నౌక 'పోలార్‌ఫ్రంట్' 2010 జనవరి మొదటి రోజున 'ఎం' స్టేషన్ పని ముగించింది. వీటిలో ఇవాళ చూడదలచిన వారికి దొరికేవి చాలా తక్కువ. ఫ్రాన్స్ నౌక 'ఫ్రాన్స్-1' లా రొషెల్ రేవులో మ్యూజియంగా ఉంది. అమెరికాలో చివరి గస్తీ తిరిగిన 'టానీ' బాల్టిమోర్‌లో ఉంది. 69 మందిని కాపాడిన 'బిబ్'ను, దాని తోటి నౌక 'డ్యూయేన్'తో పాటు, 1987లో ఫ్లోరిడా తీరాన చేపలకు నెలవుగా సముద్రంలో ముంచారు. మిగిలినవి ఎక్కువ భాగం తుక్కుకింద పోయాయి.

ఇక కుటుంబాల విషయానికి వస్తాను. మా కోడలి తాతగారు అమెరికా కోస్ట్ గార్డ్‌లో, అట్లాంటిక్ స్టేషన్లలో తిరిగిన కట్టర్ మీద పనిచేశారు. ఆయన పోయిన తర్వాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, పెట్టెలో ఉన్న కాగితాలు ఏమిటో చూసి చెప్పమని మా వియ్యపురాలు నాకు చూపించారు. "బాబాయిగారూ, ఇవన్నీ పాత చెత్త అనుకుని పారేద్దామనుకున్నాం, మీరు చూస్తే తెలుస్తుంది కదా" అన్నారు. ఆ పెట్టెలో ఒక జేబు పుస్తకం ఉంది. అందులో ఆయన తన పహరా సమయంలో కొలిచిన ఒత్తిడిని గంటగంటకూ మిల్లీబార్లలో రాసుకున్నారు. ఒక పుటలో అంకెలు కిందికి పోతున్నకొద్దీ ఒత్తిడి తగ్గుతూ పోయింది. అంకెల రూపం కూడా దానితో పాటే మారింది. పైన చిన్నగా, సూటిగా ఉన్నవి పుట సగానికి వచ్చేసరికి పెద్దవై, వంకరపోయి, ఒకచోట పెన్సిల్ కాగితాన్ని చీల్చుకుంటూ గీత దాటిపోయింది. గోడకు వీపు ఆనించి, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాశారని ఆ చీలికే చెబుతుంది. అదే సమయపు అంకెలు నౌక లాగ్‌లోకి, అంటే రోజువారీ నమోదు పుస్తకంలోకి, అక్కడి నుంచి వాతావరణ శాఖ పట్టికల్లోకి శుభ్రంగా ఎక్కి ఉంటాయి. తుఫాను నడుమ ఆ అంకెలను ఎలా సంపాదించారన్నది మాత్రం ఈ జేబు పుస్తకంలోనే ఉంది. ప్రభుత్వ భాండాగారాల్లో ఉన్నది ఫలితం. శ్రమ ఇళ్లలో ఉంది. కుటుంబాలు దాచుకున్నవాటిని సేకరించడం సరదా వ్యాపకం కాదని, ఆ నౌకల చరిత్రలో రెండో సగాన్ని నిలబెట్టడమని నేను నమ్మడానికి కారణం ఇదే.

ఆ పెట్టెలోనే బెలూన్ వదులుతున్న దృశ్యం ఉన్న ఫొటో ఒకటి ఉంది. దాని వెనుక పెన్సిల్‌తో 'డాగ్' అని, ఒక నెల పేరు రాసి ఉన్నాయి, సంవత్సరం లేదు. కుక్క ఫొటో ఏదైనా పక్కన ఉండేదేమోనని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. నిజానికి అది స్టేషన్ పేరు. 'డి' స్టేషన్‌ను రేడియోలో పలకడానికి మొదట 'డాగ్' అనేవారు. అక్షరాలకు కొత్త పిలుపులు 1956లో స్థిరపడ్డాక అదే 'డెల్టా' అయింది. అలాగే 'ఏబుల్' పోయి 'ఆల్ఫా', 'బేకర్' పోయి 'బ్రావో', 'ఈజీ' పోయి 'ఎకో', 'పీటర్' పోయి 'పాపా' వచ్చాయి. 'చార్లీ', 'మైక్', 'విక్టర్' మాత్రం మారలేదు. కాబట్టి ఫొటో వెనుక 'డాగ్' అని ఉంటే అది 1956కు ముందుదని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు. ఇలాంటి ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. అమెరికా కోస్ట్ గార్డ్ నౌకల పక్కభాగాన ఇప్పుడు మనం చూసే వాలు ఎరుపు పట్టీ 1967లో వచ్చింది. ఫొటోలో నౌక తెల్లగా, పట్టీ లేకుండా ఉంటే అంతకు ముందుదనుకోవాలి. టోపీ మీదో, కుట్టిన బొమ్మ మీదో నౌక సంఖ్యకు ముందు 'డబ్ల్యు హెచ్ ఇ సి' అని ఉంటే అది 1960ల మధ్య తర్వాతిది. 'డబ్ల్యు పి జి' అని ఉంటే అంతకు ముందుది. బ్రిటన్‌వి అయితే నౌక పేరే కాలాన్ని చెబుతుంది. 1947లో మొదలైన నాలుగూ యుద్ధకాలపు కార్వెట్‌లు, అంటే చిన్న యుద్ధనౌకలు: 'వెదర్ అబ్జర్వర్', 'వెదర్ రికార్డర్', 'వెదర్ వాచర్', 'వెదర్ ఎక్స్‌ప్లోరర్'. 1950ల చివరి నుంచి వాటి స్థానంలో కొంచెం పెద్దవి వచ్చాయి: 'వెదర్ అడ్వైజర్', 'వెదర్ మానిటర్', 'వెదర్ రిపోర్టర్', 'వెదర్ సర్వేయర్'. వీటిలో రెండింటికి 1970ల రెండో సగంలో అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్, అడ్మిరల్ బ్యూఫోర్ట్ పేర్లు పెట్టారు. పోస్టుకార్డు మీద నౌక పేరు కనబడితే చాలు, తాతగారు ఏ కాలంలో స్కాట్లండ్‌లోని గ్రీనాక్ రేవు నుంచి బయల్దేరి ఉంటారో తేల్చుకోవచ్చు.

ఉత్తరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్టేషన్‌లో ఉన్నన్నాళ్లూ టపా లేదు. రాసినవన్నీ పోగుపడి, నౌక రేవు చేరాక ఒకేసారి ఇంటికి వెళ్లేవి. కాబట్టి కవరు మీది తపాలా ముద్ర ఉత్తరం రాసిన తేదీ కాదు. లోపలి తేదీకీ, ముద్రకూ మధ్య వారాల తేడా ఉండవచ్చు. కవరును పారేసి ఉత్తరాన్ని మాత్రం ఉంచుకున్నా, స్టాంపు కోసం కవరును కత్తిరించినా ఈ తేడా చెరిగిపోతుంది. నౌక ఎప్పుడు రేవు చేరిందన్న ఆధారమూ దానితోనే పోతుంది. బ్రిటన్ వైమానిక దళం విమానాలు క్రిస్మస్ వేళ ఈ నౌకల పక్కన ఉత్తరాల సంచులు జారవిడిచేవి. ఆ సంచిలోంచి వచ్చిన కార్డు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, దాని మీద ఉప్పునీటి మరక ఉన్నా సరే, తుడిచి శుభ్రం చేయబోకండి.

వీటి విలువ అభిమానానికి సంబంధించింది మాత్రమే అనుకునేవారికి మరో మాట చెప్పాలి. వాతావరణ నౌకల కొలతలు శాస్త్రానికి ఇవాళ్టికీ పనికివస్తున్నాయి. 'ఎం' స్టేషన్‌లో లోతు నీళ్ల ఉష్ణోగ్రతను 1948 నుంచి కొలిచారు. అంత పొడవైన వరుస నడిసముద్రంలో మరోచోట దొరకడం కష్టం. 'పి' స్టేషన్ పరిశీలనలను నౌకలు పోయాక కూడా బోయతో, పరిశోధన యాత్రలతో కొనసాగిస్తున్నారు. నడిసముద్రంలో గాలికి అలలు ఎలా పెరుగుతాయో చెప్పడానికి ఇంజనీర్లు ఇప్పటికీ వాడే పియర్సన్-మాస్కోవిట్జ్ సూత్రం, బ్రిటన్ వాతావరణ నౌకల మీది అలల కొలమానాల నుంచి 1964లో పుట్టింది. ఇంత విలువైన కొలతలను సరిగా వాడుకోవాలంటే వాటిని ఎలా తీశారో తెలియాలి. ఉదాహరణకు సముద్రపు నీటి ఉష్ణోగ్రత: బకెట్‌తో తోడి తీసిన నీళ్లు పైకి లాగేలోగా గాలికి కాస్త చల్లబడతాయి, ఇంజన్ గదిలోకి పోయే గొట్టంలో కొలిస్తే కాస్త వేడిగా తేలుతాయి. తేడా డిగ్రీలో కొద్ది భాగమే అయినా, దశాబ్దాల మార్పును లెక్కించేవారికి అది చిన్నది కాదు. తోటివాళ్లు నవ్వుతుంటే ఒక కుర్రవాడు డెక్కు అంచున నిలబడి బకెట్ లాగుతున్న ఫొటో ఇంట్లోవాళ్లకు సరదాగా కనిపించవచ్చు. ఆ బకెట్ కాన్వాస్‌దా, రబ్బరుదా, ఎంత ఎత్తు నుంచి లాగుతున్నారు, పరికరాల పెట్టె ఎక్కడ బిగించారు అన్న ప్రశ్నలకు జవాబులు కొన్నిసార్లు అలాంటి ఫొటోలోనే దొరుకుతాయి.

సేకరణ ఎలా చేయాలన్న విషయంలో నా అభిప్రాయం నిష్కర్షగానే చెబుతాను. పెట్టె దొరికిన వెంటనే దేన్నీ విడదీయకూడదు. ఏది దేని కింద ఉందో, ఏ కాగితంలో ఏ ఫొటో మడిచి ఉందో ముందు చూసి రాసుకోవాలి, లేదా ఫొటో తీసుకోవాలి. ఆ అమరిక కూడా ఆ మనిషి చేతిదే. ఫొటోలకు రెండు వైపులా నకలు తీయాలి. చాలా ఇళ్లలో ముఖం ఉన్నవైపే తీసి ఊరుకుంటారు, అసలు సమాచారం వెనుకవైపు ఉంటుంది. కొత్తగా ఏమైనా రాయవలసి వస్తే మెత్తని పెన్సిల్‌తోనే, వేరే కాగితం మీద రాయాలి. లామినేషన్ చేయించడం, జిగురు అట్టల ఆల్బంలో అంటించడం ఎంతమాత్రం తగదు. బాగు చేస్తున్నామనుకుంటూ చేసే ఈ రెండు పనులూ కాగితానికి తిరిగి రాని నష్టం చేస్తాయి. రీళ్ల టేపులు ఉంటే పాత యంత్రం దొరికింది కదా అని ఇంట్లో పెట్టి వినబోవద్దు. టేపు పొర రాలిపోయే స్థితిలో ఉంటే మొదటి వాడకమే చివరిది అవుతుంది, తెలిసినవారి చేత నకలు తీయించడమే మంచిది.

అన్నిటికంటే పెద్ద నష్టం పంపకాల్లో జరుగుతుంది. టోపీ పెద్దకొడుక్కి, పతకం చిన్నకొడుక్కి, ఫొటోలు కూతురికి, మిగిలిన కాగితాలు పాతసామాన్ల వాడికి. అభిమానంతో చేసే పంపకమే అయినా, విడివిడిగా చూస్తే ఆ వస్తువులు దేనికదే మూగపోతాయి. నౌక బొమ్మ కుట్టిన గుడ్డముక్క ఒక్కటీ అమ్మకానికి వస్తే అది ఎవరిదో, ఏ గస్తీదో చెప్పేవారు ఉండరు. దాని పక్కన సేవా పత్రం, జీతం చీటీ, రెండు ఉత్తరాలు ఉంటే ఒక మనిషి జీవితంలోని కొన్నేళ్లు కళ్లకు కడతాయి. వస్తువులు పంచుకోక తప్పకపోతే, పంచేముందు అన్నింటినీ ఒకచోట పెట్టి ఫొటో తీసి, ఏది ఎవరి ఇంటికి వెళ్లిందో రాసిన జాబితా అందరి దగ్గరా ఉంచుకోవాలి. సేకరించేవారికి కూడా ఇదే మనవి చేస్తున్నాను: కుటుంబం నుంచి నేరుగా కొంటున్నప్పుడు ఆ మనిషి పేరు, నౌక, స్టేషన్, సంవత్సరాలు అడిగి రాసుకోండి, ఒక కట్టగా వచ్చినదాన్ని కట్టగానే ఉంచండి. లాభం కోసం కట్టలను విప్పి ముక్కలుగా అమ్మే పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది.

బతికున్న పెద్దలను అడగడం వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని. 1970ల్లో ఇరవై ఏళ్ల వయసులో ఆ నౌకలెక్కిన వారు ఇప్పుడు డెబ్బైకి అటూఇటుగా ఉన్నవారు. 1950ల నాటివారు తొంభైకి అటూఇటుగా ఉన్నారు. "మీ నౌకా జీవితం గురించి చెప్పండి" అంటే వారు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అలా కాక, చేతిలో ఒక ఫొటో పెట్టి, ఇందులో ఎడమవైపున్నది ఎవరు, ఈ తలుపు ఎటు తెరుచుకునేది, బెలూన్ తప్పిపోతే ఎవరికి చెప్పేవారు, రాత్రి పహరా నుంచి వచ్చాక ఎక్కడ పడుకునేవారు అని అడిగితే మాట ఆగదు. అడిగేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తేదీల్లో వారు పొరబడవచ్చు. దానికి బెంగ అక్కర్లేదు, తేదీలు సరిచూడడానికి లాగ్‌లు ఉన్నాయి. అమెరికా కోస్ట్ గార్డ్ నౌకల లాగ్‌లు అక్కడి జాతీయ భాండాగారంలో ఉన్నాయి. బ్రిటన్ వాతావరణ శాఖ భాండాగారం ఎక్సెటర్‌లో ఉంది. నౌక పేరు, సుమారు నెల తెలిస్తే, తాతగారి ఉత్తరంలోని తుఫానును లాగ్‌లోని అదే రోజు పుటతో పక్కపక్కన పెట్టి చదవవచ్చు.

ఈ విషయం తెలుగు పత్రికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అమెరికా, కెనడా, బ్రిటన్, నార్వే దేశాల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి అక్కడివారితో పెళ్లి సంబంధాలున్నాయి, ఇరుగుపొరుగు స్నేహాలున్నాయి. పక్కింటి వృద్ధుడు తాను వాతావరణ నౌకలో పనిచేశానని ఎప్పుడో అని ఉంటే, ఆ మాటను మీరు నవ్వి వదిలేసి ఉండవచ్చు. ఈసారి కలిసినప్పుడు ఏ నౌక, ఏ స్టేషన్ అని అడగండి. ఇంట్లో ఫొటోలు ఉన్నాయేమో కనుక్కోండి. మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే ముందుగా ఉత్తరం రాసి, వారు ఏవి తీసుకుంటారో, అసలు తీసుకుంటారో లేదో తెలుసుకోవడం అవసరం. చోటు లేక వారు కాదన్నా, నకళ్లు తీసుకోవడానికి చాలావరకు ఒప్పుకుంటారు. అసలు ప్రతి కుటుంబం దగ్గర, నకలు భాండాగారం దగ్గర ఉండడం నా దృష్టిలో మంచి ఏర్పాటు.

తమకు వీలైతే, ఈ నౌకల మీద తెలుగులో సమగ్రమైన వ్యాసం ఒకటి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా వియ్యపురాలి కుటుంబం అనుమతితో ఆ జేబు పుస్తకంలోని పుట, బెలూన్ ఫొటో రెండు వైపులా తీసిన నకళ్లు మీ కార్యాలయానికి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత వాతావరణ పరిశీలకుడు, మీ పత్రిక పాఠకుడు